సీక్వెన్సర్ ఆగిపోయే రోజుకూ ప్రణాళిక కావాలి

సంపాదకులకు నమస్కారం.

బ్లాక్‌చెయిన్ గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా బిట్‌కాయిన్ ధర చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకూ, ఇందులోకి రావాలనుకునే విద్యార్థులకూ అంతకంటే అవసరమైన ఒక విషయాన్ని మీ ద్వారా చెప్పదలచాను.

ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌పై భారం తగ్గించడానికి, లావాదేవీలను విడిగా నడిపి దానికి చేరవేసే అనుబంధ నెట్‌వర్కులుగా వచ్చినవే రోలప్‌లు. వాటిలో సీక్వెన్సర్‌ది కీలక స్థానం. వినియోగదారుల లావాదేవీలను అందుకుని, ఏది ముందో ఏది వెనకో నిర్ణయించి, క్షణాల్లో రసీదు ఇచ్చి, ఆ తర్వాత వాటిని కట్టగట్టి ఎథీరియంకు చేరవేసేది అదే. పెద్ద రోలప్‌లలో చాలావాటికి ఈ పని ఇప్పటికీ ఒకే సంస్థ చేతిలో ఉంది. అలాంటప్పుడు సెకనుకు ఎన్ని లావాదేవీలన్న లెక్కతో ప్రణాళిక మొదలుపెట్టి, అది ఆగిపోతే ఏం చేయాలన్నది చివరికి వదిలేయడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

2023 డిసెంబర్ 15న ఒక్కసారిగా పెరిగిన రద్దీకి ఆర్బిట్రమ్ అనే రోలప్ సీక్వెన్సర్ గంటకు పైగా నిలిచిపోయింది. 2025 ఆగస్టు 5న బేస్ అనే మరో రోలప్‌లో బ్లాకుల (లావాదేవీల కట్టల) తయారీ 33 నిమిషాలు ఆగింది. ఈ రెండో ఉదంతాన్ని ఇంజనీర్లు శ్రద్ధగా చదవాలి. ప్రధాన సీక్వెన్సర్ వెనకబడగానే నియంత్రణ వ్యవస్థ బాధ్యతను మరొకదానికి అప్పగించింది. అయితే ఆ రెండోది ఇంకా పూర్తిగా సిద్ధం కాకపోవడంతో బ్లాకులు తయారు చేయలేకపోయింది. కాబట్టి అదనపు యంత్రం ఉంటే చాలదు, అది పగ్గాలు అందుకోగల స్థితిలో ఉందో లేదో అప్పగించే ముందే తేల్చే తనిఖీ కూడా మొదటి నమూనాలోనే ఉండాలి.

సీక్వెన్సర్‌ను దాటి ఎథీరియంలోని కాంట్రాక్టుకే (అక్కడ తనంతట తానే నడిచే ప్రోగ్రాముకే) నేరుగా లావాదేవీ పంపే మార్గం ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది, కానీ ఆ లావాదేవీ బలవంతంగానైనా అమలు కావడానికి ఆర్బిట్రమ్‌లో 24 గంటల వరకు, ఆప్టిమిజం తరహా రోలప్‌లలో 12 గంటల వరకు ఆగవలసి రావచ్చు. ధర పడిపోతున్న వేళ తన తాకట్టును కాపాడుకోవడానికి ఇంకొంత సొమ్ము జమ చేయాలనుకునే రుణగ్రహీతకు అంత వ్యవధి ఎక్కడిది? ఆవే వంటి రుణ వేదికలు సీక్వెన్సర్ తిరిగి పనిచేయడం మొదలయ్యాక తాకట్టును అమ్మేసే ముందు కొంత గడువు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నది ఇందుకే.

2024 జూన్‌లో వెలోకోర్ అనే క్రిప్టో మారక వేదికపై దాడి జరిగినప్పుడు లినియా అనే రోలప్ నిర్వాహకులు దొంగ సొమ్ము తరలిపోకుండా సీక్వెన్సర్‌ను తామే ఆపారు. ఉద్దేశం మంచిదే అయినా, ఆపే అధికారం ఎవరిదో, ఎంతసేపటికి పరిమితమో వినియోగదారులకు ముందే తెలిసి ఉండాలి. కొత్తగా సీక్వెన్సర్ నిర్మాణానికి పూనుకునే బృందాలు ఈ రెండింటినీ రాతపూర్వకంగా ప్రకటించాలనీ, ప్రధాన సీక్వెన్సర్‌ను కావాలని ఆపి, బలవంతపు మార్గంలో ఒక లావాదేవీని చివరిదాకా నడిపించి చూసిన తర్వాతే ప్రజల సొమ్మును స్వీకరించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, హైదరాబాద్