ఈయూ గుమ్మం ముందు ఎదురుచూసే దేశాలు: రఘూకి ఉత్తరం

ఒరేయ్ రఘూ,

ఎలా ఉన్నావు? పోయిన ఉత్తరం చివర్లో అడిగావు కదా, "సెర్బియా ఒకపక్క యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో చేరతానంటుంది, ఇంకోపక్క రష్యా మీద ఆంక్షలు పెట్టనంటుంది, మరి ఈయూ ఎందుకు ఊరుకుంటోంది?" అని. మంచి ప్రశ్న. కానీ రెండు ముక్కల్లో తేలేది కాదు, తీరిక చేసుకుని చదువు.

ముందు ఒక సంగతి పట్టుకో. చేరే రోజు వరకు ఏ అభ్యర్థి దేశమైనా ఈయూ విదేశాంగ విధానాన్ని పూర్తిగా పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. చేరిన రోజున మాత్రం అప్పటికి అమల్లో ఉన్న నిర్ణయాలన్నీ ఒక్కసారే నెత్తిన పడతాయి. ఈలోపు క్రమంగా దగ్గరవుతూ రావాలి. ఎంత దగ్గరయ్యారో యూరోపియన్ కమిషన్ ఏటా నివేదికలో రాస్తుంది. ఈ మధ్యకాలం సెర్బియాకి, మాంటెనెగ్రోకి పదేళ్లు దాటిపోయింది. బేరమంతా ఇక్కడే నడుస్తుంది.

చర్చలకి 35 అధ్యాయాలున్నాయి. 2020 నుంచి వాటిలో 33ని ఆరు గుంపులుగా కట్టారు. మనకి కావలసినవి ఆరో గుంపులో ఉంటాయి: 30వది విదేశీ వాణిజ్యం, 31వది విదేశాంగ, భద్రత, రక్షణ విధానం. చివరిది 35, "ఇతర అంశాలు" అని పేరు. సెర్బియాకి అందులో పెట్టినది తన నుంచి విడిపోయిన కొసోవో సంగతి. ఏ అధ్యాయం తెరవాలన్నా, మూయాలన్నా 27 సభ్యదేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఈ ఒక్క నియమం ఎన్ని తిప్పలు తెచ్చిందో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

రోజువారీ పని ఇలా సాగుతుంది. ప్రపంచంలో ఎక్కడో ఎన్నికల్లో అక్రమాలు జరిగాయి, లేదా తిరుగుబాటు వచ్చింది అనుకో. ఈయూ విదేశాంగ ప్రతినిధి 27 దేశాల తరఫున ఒక ప్రకటన ఇస్తారు. మీరూ దీనితో కలుస్తారా అని అభ్యర్థి దేశాలని అడుగుతారు. సరేనన్న దేశాల పేర్లు ప్రకటన అడుగున వరసగా వస్తాయి. ఆంక్షలైతే పద్ధతి వేరు. ముందు సభ్యదేశాల మంత్రులుండే ఈయూ మండలి నిర్ణయం తీసుకుంటుంది, తర్వాత విడిగా ఇంకో చిన్న ప్రకటన వస్తుంది. అందులో ఎప్పుడూ అదే మూస వాక్యం: ఫలానా దేశాలు తమ జాతీయ విధానాలు ఈ నిర్ణయానికి అనుగుణంగా ఉండేలా చూస్తాయి, ఈ హామీని ఈయూ గమనించి స్వాగతిస్తోంది. చూడ్డానికి చప్పగా ఉంటుంది గానీ, ఆ వరసలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అని చూస్తే అసలు రాజకీయం అక్కడే దొరుకుతుంది. రష్యా ఆంక్షల ప్రకటనల్లో అల్బేనియా, మాంటెనెగ్రో కనిపిస్తాయి, సెర్బియా కనిపించదు.

ఈ పేర్లన్నీ లెక్కేసి శాతం తీస్తారు. అల్బేనియా, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా ఇప్పుడు నూటికి నూరు. సెర్బియా 2021లో అరవై పైచిలుకు, 2022లో 45 చుట్టుపక్కలకి పడిపోయింది, ఆ తర్వాత మళ్లీ సగం పైకి వచ్చింది. టర్కీ పది శాతం దాటడమే గొప్ప. అయితే ఈ శాతాన్ని గుడ్డిగా నమ్మకు. ఎక్కడో దూరదేశం గురించిన నిరపాయకరమైన ప్రకటనకీ ఒకటే లెక్క, రష్యన్ బ్యాంకుల మీద ఆంక్షలకీ ఒకటే లెక్క. ఉక్రెయిన్ మీద దాడి చేసినందుకు 2022లో రష్యా మీద నిర్ణయాలు కుప్పలుగా వచ్చాయి కాబట్టి, ఆ ఒక్క విషయంలో కలవనంటే చాలు, మొత్తం శాతం కూలిపోతుంది. సెర్బియా ఒక్కసారిగా మనసు మార్చుకుందని కాదు. నిజానికి అదే ఏడు మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యాని ఖండించిన 141 దేశాల్లో సెర్బియా ఉంది. ఏప్రిల్ 7న రష్యాని మానవహక్కుల మండలి నుంచి తప్పించే తీర్మానానికీ ఓటేసింది. మాటకి సై, ఆంక్షలకి నై.

ఎందుకంటావా? కొసోవో 2008 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, సెర్బియా దాన్ని ఒప్పుకోలేదు. భద్రతామండలిలో సెర్బియా పక్షాన వీటో పట్టుకుని కూర్చున్నది రష్యా. పైగా గ్యాసు అక్కడి నుంచే వస్తుంది. దేశంలోని పెద్ద చమురు కంపెనీ ఎన్‌ఐఎస్‌లో 51 శాతం వాటా 2008లోనే రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ నెఫ్ట్‌కి అమ్మేశారు. ఇంకో మెలిక కూడా ఉంది: స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ ఈయూలో ఉండి కూడా కొసోవోని గుర్తించలేదు. సొంత ఇంట్లోనే మాట కుదరనప్పుడు ఈయూ బెల్‌గ్రేడ్‌ని, అంటే సెర్బియా ప్రభుత్వాన్ని, ఎంతవరకు ఒత్తగలదు చెప్పు?

ఇక నీ ప్రశ్న: ఊరుకుంటోందా? పూర్తిగా ఊరుకోలేదు. 2021 డిసెంబరులో నాలుగో గుంపు తెరిచాక ఏళ్ల తరబడి సెర్బియాకి ఇంకో గుంపు తెరవలేదు. అదే శిక్ష. అంతకు మించి నెట్టేస్తే రష్యా, చైనాల వైపు పూర్తిగా జారిపోతుందన్న భయం ఒకటి. దానికి తోడు యూరప్‌కి సెర్బియా లిథియం కావాలి. 2024 జులైలో బెల్‌గ్రేడ్‌లో ముడి ఖనిజాల మీద అవగాహన ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. విలువల గురించి గట్టిగా మాట్లాడే సంస్థ ఇక్కడ గొంతు తగ్గించడం నాకు నచ్చలేదు.

కానీ ఈయూ నిజంగా బిగించాలనుకుంటే ఎంత త్వరగా పనవుతుందో వీసాల విషయంలో చూడు. కొసోవోని గుర్తించని దేశాలకి సెర్బియా వీసా లేకుండా రానిచ్చేది. గుర్తింపు వెనక్కి తీసుకున్న బురుండీకీ, మొదటినుంచీ గుర్తించని ట్యునీషియా, మన ఇండియాలకీ ఆ వెసులుబాటు ఉండేది. మనవాళ్లకి 2017 నుంచి 30 రోజులు. 2022లో ఇలా బెల్‌గ్రేడ్‌లో విమానం దిగి బాల్కన్ దారిలో ఈయూలోకి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. సెర్బియా పౌరులకి షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో) ఉన్న వీసా మినహాయింపే పోవచ్చని బ్రసెల్స్, అంటే ఈయూ, హెచ్చరించింది. అంతే! ఆ ఏడు చివరికల్లా ట్యునీషియా, బురుండీలకి, 2023 జనవరి 1 నుంచి ఇండియాకి వీసా తప్పనిసరి చేసేశారు. కొసోవో దౌత్యానికి బహుమతిగా ఇచ్చినదాన్ని వారాల్లో వెనక్కి తీసుకున్నారు. తేడా ఎక్కడుందో గమనించు. సభ్యత్వం ఎప్పుడొస్తుందో తెలియని మాట. వీసా మినహాయింపు ఈరోజు ప్రతి కుటుంబానికీ అవసరమైనది.

కలవడానికి అయ్యే ఖర్చు కూడా నిజమైనదే. రష్యా మీద ఈయూ పెట్టిన 2014 ఆంక్షలతో కలిసినందుకు 2015 ఆగస్టులో రష్యా తన ఆహార దిగుమతుల నిషేధాన్ని మాంటెనెగ్రో, అల్బేనియాలకీ చుట్టింది. మాంటెనెగ్రో నాటోలో చేరబోతుండగా 2017లో అక్కడి పెద్ద వైన్ కంపెనీ సరుకునీ ఆపేసింది. ఈ నష్టాన్ని పూడ్చే పద్ధతంటూ ఈయూ దగ్గర ఉండదు. ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి అది చిన్న మాట కాదురా.

పేరు చేర్చినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు. దేశంలో ఆంక్షల చట్టం ఉండాలి, జాబితా బ్యాంకులకి, భూముల రిజిస్ట్రేషన్ శాఖకి, కస్టమ్స్‌కి చేరాలి, ఎవరి ఖాతా స్తంభించిందో ఎవరో ఒకరు చూడాలి. ఇక్కడే జారిపోతుంది. 2022లో మాంటెనెగ్రో వెంటనే కలుస్తున్నానని చెప్పింది గానీ, ప్రభుత్వంలో విభేదాల వల్ల అమలు నిర్ణయం వారాల తరబడి ఆగింది. బోస్నియా శాతం చూస్తే బ్రహ్మాండం. కానీ ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలి, దేశంలోని సెర్బుల ప్రాంతం రిపబ్లికా స్ర్ప్‌స్కా పెట్టే అడ్డంకులు కలిసి అమలుని కుంటుపరుస్తాయి.

వాణిజ్యం గురించి ఒక్క ముక్క. 30వ అధ్యాయం ప్రకారం చేరే రోజుకి సొంత స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలన్నీ రద్దు కావాలి. క్రొయేషియా 2013లో చేరుతూ పొరుగుదేశాల సెఫ్టా కూటమి నుంచి బయటికొచ్చింది. సెర్బియా మాత్రం 2023 అక్టోబరులో చైనాతో ఒప్పందం చేసుకుంది, 2024 జులై నుంచి అది అమల్లో ఉంది. రేపో మాపో చేరతానని నమ్మే దేశం చేసే పని కాదిది.

ఆ నమ్మకమే అసలు ఇంధనం. 2002, 2003లలో అమెరికా ఏం చేసిందంటే, మా పౌరుల్ని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి అప్పగించబోమని సంతకం పెట్టండంటూ దేశాల వెంటపడింది. ఈయూ వద్దంది. 2002 ఆగస్టులో రొమేనియా అందరికంటే ముందు సంతకం చేసి చీవాట్లు తిన్నది, దాన్ని చివరికి ధ్రువీకరించనే లేదు. అప్పుడే సభ్యత్వానికి దరఖాస్తు పెట్టిన క్రొయేషియా అమెరికా సైనిక సాయం పోయినా సంతకం పెట్టలేదు. అల్బేనియా, బోస్నియా, మాసిడోనియాలకి సభ్యత్వం కనుచూపు మేరలో లేదు, అవి పెట్టేశాయి.

ఇప్పుడు అదే మాసిడోనియా కథ చెప్తాను, నాకు బాగా బాధ కలిగించేది ఇది. 2005 డిసెంబరులో అభ్యర్థి హోదా వచ్చింది. 'మాసిడోనియా' అన్న పేరు దగ్గర గ్రీస్ అడ్డుపడింది. 2018 జూన్‌లో గ్రీస్‌తో ప్రెస్పా ఒప్పందం చేసుకుని దేశం పేరే మార్చుకున్నారు. అంతకంటే ఒక దేశం ఇంకేం ఇవ్వగలదు? 2019 అక్టోబరులో ఫ్రాన్స్ అడ్డుపడింది. 2020 నవంబరులో భాష, చరిత్రల పేరుతో బల్గేరియా. 2022 జులైలో చర్చలు లాంఛనంగా మొదలయ్యాయి గానీ రాజ్యాంగంలో బల్గేరియన్లని చేర్చాలన్న షరతు పెట్టారు. దానికి 120 మంది ఉన్న పార్లమెంటులో 80 ఓట్లు కావాలి, రాలేదు. ఈ షరతుకి ఒప్పుకునేది లేదన్న పార్టీ 2024లో గెలిచింది. అదే ఏడు అల్బేనియాని విడదీసి ముందుకి పంపేశారు. ఇంత జరిగినా స్కోప్యే, అంటే ఉత్తర మాసిడోనియా ప్రభుత్వం, 2022 నుంచి ప్రతి ఆంక్షలోనూ కలుస్తూనే ఉంది. దీన్ని చూస్తూ బెల్‌గ్రేడ్ ఏం నేర్చుకుంటుందో నువ్వే ఆలోచించు.

టర్కీది ఇంకా పాత గాయం. 2005 అక్టోబరులో చర్చలు మొదలయ్యాయి, సైప్రస్ ఓడలకి రేవులు తెరవనందుకు 2006లో ఎనిమిది అధ్యాయాలు స్తంభించాయి, ఇప్పటికి 16 తెరిస్తే మూసింది ఒక్కటే. జార్జియాకి 2023 డిసెంబరులో హోదా ఇస్తే, 2028 చివరి దాకా చర్చల ఊసే ఎత్తేది లేదని మరుసటి నవంబరులో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. హోదా చేతికొచ్చాక ఆశ చూపించి వంచడం కష్టమన్నమాట.

ఈసారి కమిషన్ నివేదిక వచ్చినప్పుడు శాతం చూసి వదిలేయకు. 31వ అధ్యాయంలో ఏయే నిర్ణయాలతో కలవలేదో రాసిన పేరా చదువు, తర్వాత ఆంక్షల అమలు గురించిన రెండు మూడు వాక్యాలు, ఆపైన 30లో కొత్త వాణిజ్య ఒప్పందాలు. ముందు సెర్బియాది, వెంటనే ఉత్తర మాసిడోనియాది పక్కపక్కన పెట్టి చూడు. సందేహాలు వస్తే రాయి, ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ,
మురళి