టెక్సాస్ నీటి నిధి, మన గుంటూరు పైపులు

మిత్రులందరికీ నమస్కారం. టెక్సాస్‌లో నీటి పథకాల నిధి కోసం చేసిన రాజ్యాంగ సవరణకు 2025 నవంబర్‌లో ఓటర్లు సరేనన్నారు. అమ్మకం పన్ను వసూళ్లు ఒక స్థాయి దాటితే, అందులోంచి ఏటా 100 కోట్ల డాలర్ల వరకు 2027 నుంచి 20 ఏళ్లపాటు నీళ్లకే. నాకైతే డబ్బు కంటే ఆ 20 ఏళ్ల భరోసాయే గొప్పగా అనిపించింది. ఏటా బడ్జెట్ కోసం ఎదురుచూస్తే లీకుకు క్లాంపు వేసి సరిపెట్టుకోవాలి. నిధి ఖాయమైతే లైను మొత్తం మార్చేలా డిజైన్ చేయొచ్చు.

మొన్న మా వీధిలో తవ్వితే పాత పైపు మురుగు కాలువను ఆనుకునే ఉంది. జాయింటులోని రబ్బరు రింగు చేత్తో పట్టుకోగానే ముక్కలై రాలింది. మనకు నీళ్లు వచ్చేది కాసేపే. సరఫరా ఆగగానే ప్రెషర్ పడిపోయి, పక్కనున్న మురుగు రింగు పాడైన ఆ జాయింటు సందులోంచి పైపు లోపలికి వచ్చేస్తుంది. తక్కెళ్లపాడు ప్లాంటులో నీళ్లను ఎంత శుద్ధి చేసి ఏం లాభం? 2018లో మన గుంటూరు ఆనందపేటలో ప్రబలిన అతిసారాన్ని మనం మరిచిపోలేం.

రోజుకు తలకు 135 లీటర్ల నీళ్లివ్వాలన్న లెక్క ఒక్కటే చూస్తే చాలదు. పాత లైన్ల మ్యాపులు ఎవరి దగ్గరున్నా ఆదివారంలోగా గ్రూపులో పెట్టండి, దయచేసి. పైపులు మురుగు కాలువలు దాటే చోట్లు ముందు గుర్తిద్దాం.