పదకొండో ఫారం సంగతి

నా కొత్త నవల తెప్పించుకున్న అందరికీ,

ముందు పుస్తకం తీసి 160వ పేజీ చూడండి. దాని తర్వాత 161 ఉంటే మీకే ఇబ్బందీ లేదు. మళ్లీ 145 వచ్చి, ఆ పేజీలన్నీ అయ్యాక ఏకంగా 177లోకి దూకితే మాత్రం మీకు తప్పు కాపీ వచ్చినట్టే. పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చువేసి కలిపి కుడతారు. ఇందులో పదో ఫారం రెండుసార్లు పెట్టి, పదకొండో ఫారం వదిలేసి బైండింగ్ చేశారు. ఇప్పటికి 41 మంది ఫోన్ చేశారు.

కట్టలు ఇంటికొచ్చిన రోజు మూడు కాపీలు తిరగేశాను. మూడూ బాగున్నాయి. ఆ ధైర్యంతో 300 కాపీలు కొరియర్‌కి ఇచ్చేశాను. అది నా తప్పే, క్షమించండి.

ప్రెస్ ఆయనైతే "పదహారు పేజీలే కదమ్మా, విడిగా వేసిస్తాను, పోస్టులో పంపించేయండి" అన్నాడు. కరపత్రంలాగా! అయినా అబద్ధమెందుకు, పది రోజులు ఆ మాటే ఆలోచించాను. పుస్తకం మొత్తం మళ్లీ వేయిస్తే ఈ నవల మీద నాకు రూపాయి మిగలదు. మా ఆయన లెక్క వేసిన కాగితం నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే ఒకావిడ ఫోన్ చేశారు. మొదటి నవల నుంచీ నా దగ్గర కొంటున్నారు. "పొరపాటున రెండోసారి పడ్డాయేమో అని ఆ పేజీలు దాటేశానమ్మా, కథ బాగానే అతికింది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ పదహారు పేజీలు ఎక్కడివో చెప్పాలి. తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ కోసం కూర్చున్నాను. ఎదురు బెంచీ మీద ఒక పెద్దావిడ చెప్పు పట్టీ తెగింది. పక్కనున్న వాళ్లాయన ఆవిడ గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకుని, చెప్పు ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కూర్చున్నాడు. ఆవిడ తిడుతూనే ఉంది. ఆయన గుచ్చుతూనే ఉన్నాడు. నా నవలలో రఘు కూడా వైదేహి చెప్పు అలాగే బాగుచేస్తాడు. ఆమె ఆ చెప్పు వేసుకుని, పెళ్లి ఇష్టం లేదని చెప్పి, అదే చెప్పుతో నడిచి వెళ్లిపోతుంది. ఈ కాదనడం ఎగిరిపోతే 177లో ఆమె సరేననడానికి విలువేముంది? అతుకుతుంది, ఎందుకు అతకదు!

నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాలవాడు వచ్చేదాకా రాస్తాను. లాంగ్ నోట్‌బుక్‌లో కుడి పేజీ కథకు, ఎడమ పేజీ దిద్దుబాట్లకు. ఈ సీనుకి ఎడమ పేజీలు చాలక మధ్యలో కాగితాలు అంటించాను. డైలాగులు పైకి అనుకుంటూ రాస్తాను కాబట్టి, ఆ నెలంతా ఇంట్లో గొడవలని పక్కింటివాళ్లు అనుకున్నారట.

మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచి, అన్నీ అయ్యాక అట్ట వేసి దబ్బనంతో కుట్టేది. యద్దనపూడి సులోచనారాణి గారిని నేను చదివింది ఆ కుట్టు పుస్తకాల్లోనే. (ఆరడుగుల హీరో, పెద్ద కారు నాకు చేతకాలేదు. నావాళ్లు ప్యాసింజర్ బండే ఎక్కుతారు. ఆవిడ నాయికల ఆత్మాభిమానాన్ని మాత్రం పట్టుకుని వదల్లేదు.) ఒక వారం పత్రిక దొరక్కపోతే అమ్మ ఎవరింట్లోనో అడిగి తెచ్చి, ఆ భాగం మొత్తం చేత్తో ఎత్తి రాసి మధ్యలో పెట్టి కుట్టింది. మొన్న ఆ పుస్తకం తీసి చూశాను. ఒక్క పేజీ ఊడలేదు.

అందుకని పుస్తకం మొత్తం మళ్లీ వేయిస్తున్నాను, వేరే ప్రెస్‌లో. 160వ పేజీ, దాని ఎదుటి పేజీ ఫొటో తీసి పుస్తకం వెనకున్న నంబరుకి వాట్సాప్ చేయండి. పాతది తిప్పి పంపొద్దు, కొరియర్ ఖర్చు నాదే. వచ్చే నెల పదో తేదీలోపు మంచి కాపీ మీ ఇంటికొస్తుంది. ఈసారి ప్రతి కాపీ నేనే తిరగేస్తాను. తర్వాతి నవల ఆలస్యమవుతుంది. నాలుగింటికి లేస్తున్నాను గానీ, లేచి ఫారాలు లెక్కపెట్టుకుంటున్నాను.

కథ అతికిందన్న ఆవిడకి మొదటి కాపీ పంపుతాను, 161వ పేజీకి ఒక పిన్నీసు పెట్టి.