అన్నిటికీ కరాటే పేరేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. నాది గుంటూరు కొత్తపేటలో చిన్న టైలరు షాపు. స్కూలు యూనిఫారాలు, హోటలు కుర్రాళ్ళ డ్రెస్సులు కుడుతుంటాను. వాటితోపాటు ముప్పై ఏళ్ళ నుంచి ఈ కరాటే, జూడో పిల్లల బట్టలు కూడా నా మిషను కిందనుంచే పోతున్నాయి. నేను ఒకణ్ణి కొట్టింది లేదు. కొట్టించుకున్నది మాత్రం ఉంది, పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి చేత, స్కేలుతో. అయినా చిరిగిన డ్రెస్సు తెచ్చి బల్ల మీద పడేస్తే, అది వేసుకున్న పిల్లాడు ఏం నేర్చుకుంటున్నాడో చిరుగు చూసి చెప్పేస్తాను.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మెడల్స్ పట్టుకున్న ఆరుగురు పిల్లల ఫొటో వేశారు. కింద ‘కరాటేలో మెరిసిన చిన్నారులు’ అని ఉంది. ఎడమ నుంచి మూడో పిల్ల నా మనవరాలు. అది నేర్చుకునేది కరాటే కాదండీ, కొరియా వాళ్ళ తైక్వాండో. ‘కొంపలేం మునిగాయి, రెండూ తన్నుకోవడమేగా’ అని మా ఆవిడ తీసిపారేసింది. కబడ్డీలో గెలిచిన వాళ్ళ ఫొటో కింద ఖోఖో అని వేస్తే చూసినవాళ్ళు ఊరుకుంటారా?

ఫొటో మళ్ళీ ఒకసారి తీసి మెడ దగ్గర చూడండి. ఒలింపిక్స్‌లో ఆడే తైక్వాండో చొక్కాకు ముందు తెరుపు ఉండదు. బనీను తొడుక్కున్నట్టు తల మీదుగా దింపాలి. మెడ కోసుగా ఉంటుంది. ఆ కోసుకు కుట్టే పట్టీలోనే హోదా అంతా. రంగు బెల్టుల వాళ్ళకు తెల్ల పట్టీ, బ్లాక్ బెల్టు పెద్దవాళ్ళకు నల్లది, పిల్లలు ఆ స్థాయికి వస్తే సగం ఎరుపు సగం నలుపు. మా పిల్లది తెల్ల పట్టీయే ఇంకా. కరాటేకీ జూడోకీ అలా కాదు, ముందు తెరిచి ఉండి, ఎడమ అంచు కుడి దాని మీదకు మడిచి బెల్టు కట్టుకుంటారు. మీ డెస్కులో కూర్చున్న వాళ్ళకు ఇంతవరకు తెలిసినా చాలు, సగం తప్పులు పోతాయి.

మరి కరాటేకీ జూడోకీ తేడా ఎలా తెలుస్తుందంటారా? ఆ పాఠం నేను డబ్బులు పోసి నేర్చుకున్నాను. పదేళ్ళ కిందట ఒక పీఈటీ సారు వచ్చి ‘నలభై కరాటే డ్రెస్సులు కావాలి, వారం టైము’ అన్నారు. కరాటే అన్నారు కదా అని పలచటి కాన్వాసు గుడ్డ తెచ్చాను. కరాటేకు అదే బాగుంటుంది. గుద్దు విసిరితే చేతి దగ్గర గుడ్డ ఫట్టుమని మోగాలి, ఆ చప్పుడు కోసం గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకునే మాస్టార్లను చూశాను. కుట్టి ఇచ్చేశాను. మూడో రోజు సాయంత్రం సారు గోనెసంచీతో దిగారు. బల్ల మీద బోర్లిస్తే పదకొండు చొక్కాలు. అన్నీ ఒకే తీరు, మెడ పట్టీ గుండె దగ్గర కుట్లు ఊడి, చంక కింద అరచెయ్యంత చీలి. తన్నుకుంటే అక్కడ చిరగదు. ‘ఏం చేయించారు సార్ వీళ్ళ చేత?’ అన్నాను.

ఆయన మాట్లాడకుండా బల్ల ఇవతలికి వచ్చారు. ఒక చేత్తో నా చొక్కా కాలరు, రెండో చేత్తో నా మోచెయ్యి దగ్గర గుడ్డ పట్టుకుని కాస్త ముందుకు లాగి, నడుం తిప్పి నా కిందకు దూరారు. నా చెప్పులు అక్కడే ఉన్నాయి, కాళ్ళు మాత్రం లేచాయి. కుట్టుమిషను అంచు దొరికింది కాబట్టి సరిపోయింది. ‘ఇదీ మేం నేర్పేది’ అన్నారు. అది జూడో! నా జేబు మాత్రం ఊడొచ్చింది. మరి కరాటే అని ఎందుకన్నారయ్యా అంటే, జూడో అంటే మీకు తెలీదేమోననుకున్నానన్నారు. ఆ గుడ్డ డబ్బులు ఇద్దరం చెరిసగం వేసుకున్నాం.

అప్పుడు కూర్చుని అడిగి తెలుసుకున్నాను. జిగోరో కానో అనే ఆయన 1882లో టోక్యోలో పెట్టిన విద్య అది. జుజుత్సు అనే జపాను పాత కుస్తీ విద్యలోంచి పట్లు, పడేయడాలు ఉంచి, పోటీలో గుద్దులూ తన్నులూ తీసేశాడు. ఎదుటివాణ్ణి వీపు నేలకు ఆనేలా ఊపుగా వేస్తే ఆట అక్కడితో అయిపోయినట్టే. లేదంటే కదలకుండా 20 సెకన్లు అదిమిపెట్టాలి, అదీ కాకపోతే గొంతో మోచెయ్యో బిగించి ఓటమి ఒప్పించాలి. బట్టే పిడి అన్నమాట. అందుకే ఆ చొక్కా గుడ్డ బియ్యపు గింజలు పరిచినట్టు నేస్తారు, పెద్ద పోటీలకైతే చదరపు మీటరు 650 నుంచి 750 గ్రాములు తూగాలి. మామూలుగా పిల్లలకు మేం వాడే కరాటే గుడ్డ అందులో సగం తూగదు. పెద్ద పోటీల్లో ఆటకు ముందు చొక్కా చేతుల వెడల్పూ పొడుగూ కొలిచి చూస్తారట. ఎదుటివాడికి పట్టు దొరక్కుండా బిగుతుగా కుట్టించుకొస్తే కుదరదు. ప్రపంచంలో టైలరును అనుమానించే ఆట అదొక్కటే అనుకుంటాను.

కరాటే అన్నా అంతా ఒకటి కాదు. జపానులోని ఒకినావా దీవి విద్య అది. గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో తీసుకెళ్ళి చూపించాడు. రెండేళ్ళకు కానో దగ్గరి బ్లాక్ బెల్టు పద్ధతి తనూ పెట్టుకున్నాడు. ఆయన దారి షోటోకాన్ అంటారు. వాళ్ళు కాళ్ళు బాగా దూరంగా చాపి, వంగి నిలబడతారు. అందుకని ప్యాంటు కాళ్ళ మధ్య పిగులుతుంది. అక్కడ పలక ముక్క వేసి రెండు కుట్లు పోస్తేగాని ఆరు నెలలు రాదు. గోజు-ర్యూ అని ఇంకో దారి, వాళ్ళ పిల్లలు దగ్గర దగ్గరగా నిలబడి ఊపిరి బిగపట్టి వదులుతూ చేస్తారు, గోజు అంటే గట్టిదీ మెత్తదీ అని అర్థమట. వాళ్ళ ప్యాంట్లు నా దగ్గరకు తిరిగి రావడం తక్కువ. షిటో-ర్యూ, వాడో-ర్యూ అని ఇంకా ఉన్నాయి. కొలతలు తీసుకునేటప్పుడు పిల్లల్ని నిలబడమంటాను, వాళ్ళు అలవాటుగా నిలబడ్డ తీరే చెబుతుంది ఎవరి శిష్యులో.

మా మనవరాలి ఆటలో అసలు చేతికి విలువ తక్కువ. ఛాతీ కవచం మీద గుద్దితే ఒక పాయింటు, తంతే రెండు, తల మీద తంతే మూడు, తిరిగి తంతే ఇంకో రెండు కలుస్తాయి. తల మీద గుద్దకూడదు. ఇక ఎవరు చేతులు వాడతారు చెప్పండి? షాపులో హ్యాంగరుకు వేలాడే నా టేపు మా పిల్లదాని గురి. కరెంటు పోయిన మధ్యాహ్నం దాన్ని తన్నుతూ ఉంటుంది. టేపు కదిలితే లెక్క కాదట, కొస మాత్రమే ఊగాలట.

పేరు తప్పుపడితే నష్టం ఎవరికో కూడా చెప్పాలి. బ్రాడీపేట నుంచి ఒకావిడ ఏడెనిమిదేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. పొట్టిగా, దుక్కలా ఉన్నాడు. ఇంట్లో అన్నను పట్టుకుని దొర్లించేస్తాడట. ‘కరాటేలో వేద్దామని’ అంది. కరపత్రంలో కరాటే, కుంగ్‌ఫూ, జూడో, తైక్వాండో అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి, వేసవి సెలవుల్లో అన్నీ నేర్పేస్తారట. తీరా అక్కడ నేర్పింది తన్నడం ఒక్కటే. మొహం మీదకు కాలు వస్తుంటే వాడికి భయం. రెండు నెలలకు మానేశాడు, వాడి డ్రెస్సు తమ్ముడికి పొట్టి చేయమని నా దగ్గరకే వచ్చింది. వాణ్ణి జూడో మాస్టారి దగ్గర వేసి ఉంటే అక్కడే పాతుకుపోయేవాడు.

ఒలింపిక్స్ ఆశతో వచ్చే తండ్రులకూ ఇదే చిక్కు. కరాటే అక్కడ ఆడింది ఒక్క టోక్యోలోనే, 2021లో. 2024 పారిస్‌లో లేదు. జూడో 1964లో మొదలై, 1968లో తప్ప, ఆడుతూనే ఉంది. తైక్వాండోకు 2000 సిడ్నీ నుంచి పతకాలిస్తున్నారు. ఈ నాలుగు ముక్కలు మీ పేపర్లో ఎప్పుడైనా వేస్తే, కొలతలు ఇవ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ నేను ఉపన్యాసం చెప్పే పని తప్పుతుంది.

మా తాత కర్రసాము చేసేవాడు. గోచీ బిగించి బరిలోకి దిగడమే, కుట్టుకు పని లేదు. అందుకే దాని గురించి నాకు ఎక్కువ తెలీదు.

ఇంతకీ నేను కోరేది చిన్న సవరణ. మా పిల్లది ఆ పేపరు కటింగును స్కూలుకు పట్టుకెళ్ళనని మొండికేసింది, క్లాసులో నిజంగా కరాటే నేర్చుకునే పిల్లాడు ఒకడున్నాడట, వాడు నవ్వుతాడట. ప్రస్తుతం ఆ కటింగు నా బల్ల మీద అద్దం కింద ఉంది. కరాటే అన్న మాట మీద మా పిల్లదే నా మార్కింగ్ సుద్దతో కొట్టేసింది.

ఇట్లు,
ఒక టైలరు,
కొత్తపేట, గుంటూరు.