బిల్డింగ్ పర్మిషన్ ఫీజుల్లో కళాకారుడికీ ఒక వాటా పెట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా బిల్డింగ్ ప్లాన్లు గీస్తూ బతుకుతున్నవాణ్ని. ఉండేది హైదరాబాద్ చందానగర్‌లో. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు లేచిన ఆఫీసు భవనాల్లో కొన్నిటి డ్రాయింగులు నా చేతుల మీదుగా వెళ్లాయి. పర్మిషన్‌కు ఫైలు పెట్టగానే వచ్చే ఫీజుల పట్టిక నాకు కంఠతా వచ్చు. పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, ఇంకుడు గుంతల చార్జీ, భవనం ఎత్తు పెరిగితే ఊరి వసతుల మీద పడే భారానికి సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు, చివర కూలీల సంక్షేమానికి లేబర్ సెస్. రోడ్డుకు ఉంది, డ్రైనేజీకి ఉంది, వాన నీటికి ఉంది, కూలీల సంక్షేమానికి ఉంది. ఈ ఊళ్లో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు మాత్రం ఆ పట్టికలో ఒక్క లైను లేదు. ఆ లైను చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ ఆలోచన సురభి కాలనీలో పుట్టింది. లింగంపల్లిలో ఆ కాలనీ ఉందని మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలియదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లిలో కీచకవధ ఆడి, వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సురభి నాటక వంశం వాళ్లు ఉండే చోటు అది. ఆడ వేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో ఇంటి ఆడవాళ్లను స్టేజీ ఎక్కించిన కుటుంబాలు. తొలి తెలుగు టాకీలో నటించిన కమలాబాయి గారు ఆ ఇంటి బిడ్డే. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలను ఇప్పుడు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా చిన్నప్పుడు మా ఊరికి వాళ్లు వచ్చి నెలల తరబడి డేరా వేసేవారు. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలడం, నారదుడు మేఘం మీద దిగి రావడం, కళ్ల ముందే అడవి పోయి రాజసభ రావడం నేల మీద కూర్చుని చూశాను. ఆ తీగలు ఎక్కడ కట్టారో కనిపెట్టాలని మర్నాడు పొద్దున డేరా వెనక తచ్చాడేవాళ్లం. ఒక్కరోజూ దొరకలేదు.

పోయిన వేసవిలో ఓ పని మీద ఆ కాలనీకి వెళ్లాను. ఒక ఇంటి ముందు, స్టేజీ మీద కట్టే పెద్ద బొమ్మల పరదా నేల మీద పరిచి ఉంది. రాజమహల్ పరదా. స్తంభాలకు వేసిన బంగారు రంగు అక్కడక్కడ పొరలు లేచిపోయింది. డెబ్బై ఏళ్ల పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, చిరిగినచోట వెనక నుంచి గుడ్డ ముక్క అతికిస్తున్నాడు. "కొత్తది రాయించొచ్చు కదా పెదనాన్నా" అన్నాను. "రాసేవాళ్లు తగ్గిపోయారు బాబూ. ఉన్నవాళ్లతో రాయించాలన్నా మా దగ్గర డబ్బుండాలి కదా" అన్నాడు. అతుకు వేసిన చోట ముందువైపు అదే బంగారు రంగు మళ్లీ అద్ది, వేలితో సరిచేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. వీధి చివరికి వచ్చేసరికి నల్లగండ్ల వైపు క్రేన్లు కనిపించాయి. అక్కడ నడుస్తున్న ఒక సైటు డ్రాయింగులు అప్పటికి నా బ్యాగులోనే ఉన్నాయి. ఆ రోజు నాకు ఇంటికి వెళ్లాలనిపించలేదు.

ఇంకో మాట చెప్పాలి. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన తుర్కయంజాల్‌లో ఒక భవన నిర్మాణం దగ్గర రోజు కూలీగా పనిచేస్తున్నారని పత్రికల్లో ఫొటోతో సహా చదివాం. ప్రభుత్వం ఆయనకు సాయం ప్రకటించింది, సంతోషం. ఆ ఫొటో రాకపోయి ఉంటే? ఒగ్గు కథకులు, చిందు యక్షగాన కళాకారులు, తోలుబొమ్మలాట కుటుంబాలు ఎంతమంది పత్రికకెక్కకుండానే ఇటుకలు మోస్తున్నారో నేను సైట్లలో చూస్తుంటాను. ఒక మేస్త్రి దగ్గర పనిచేసే అబ్బాయి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇసుక జల్లెడ మీద డప్పు దరువు వేస్తే పనివాళ్లంతా చుట్టూ చేరారు. వాళ్ల తాత డప్పు కళాకారుడట.

నేను కోరేది కొత్త వింతేమీ కాదు. కట్టడం ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని 1996లోనే చట్టం వచ్చింది. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే పుస్తకం కోసం ఆస్తి మీద వసూలు చేయడం మనకు దశాబ్దాలుగా అలవాటైన సంగతే. పుస్తకానికి చేసింది నాటకానికి, పాటకు చేయలేమా? అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లోనే నిర్మాణ ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించే పద్ధతి పెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో 5 లక్షల డాలర్లు, ఆపైన విలువ చేసే ప్రైవేటు వాణిజ్య భవనాలకు కళల ఫీజు ఉంది. బిల్డరు ఆ ఫీజైనా కట్టాలి, లేదా తానే కళకు సంబంధించిన పని చేసి చూపించాలి. దీని మీద అక్కడ కోర్టు గొడవలూ జరిగాయి. కల్వర్ సిటీ అనే ఊళ్లో ఒకాయన కళల ఫీజు కట్టనని కేసు వేస్తే, 1996లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ ఫీజు చెల్లుతుందనే తేల్చింది.

మన దగ్గర ఇళ్లను వదిలేద్దాం. జీవితమంతా దాచుకుని రెండు గదులు వేసుకునేవాడి మీద ఇంకో పైసా వేయకూడదు. ఆఫీసులు, మాల్స్, హోటళ్లు, అదీ ఒక పరిమాణం దాటినవాటికే పెట్టండి. లేబర్ సెస్‌లో సగం, అంటే ఖర్చులో అర శాతం చాలు. యాభై కోట్ల భవనానికి పాతిక లక్షలు. అంత భవనం కట్టేవారికి ఇది లిఫ్టు లాబీలో వేసే పాలరాయి ఖర్చు లాంటిది. ఈ మాట లెక్కలు చూసే పనిలో ఉన్నవాడిగా అంటున్నాను.

బిల్డర్లు ఇప్పటికే చాలా కడుతున్నారు, ఆ భారం చివరికి అద్దె మీద పడుతుంది అని మా ఆఫీసులోనే అన్నారు. అద్దె మీద కొంత పడుతుంది, కాదనను. కానీ ఆ అద్దె కట్టగలిగే కంపెనీలు ఈ నగరానికి రావడానికి ఊరి పేరు, ఊరి కళ కూడా ఒక కారణం. బ్రోచర్ల నిండా సంస్కృతి అని రాసుకోవడం, సంస్కృతికి పైసా ఇవ్వకపోవడం చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే. కంపెనీలు లాభాల్లోంచి సమాజం కోసం ఖర్చు పెట్టే సీఎస్ఆర్ ఉంది కదా అన్నారు ఇంకొకరు. 2013 కంపెనీల చట్టంలో సంప్రదాయ కళలకు కూడా సీఎస్ఆర్ నిధులు ఇవ్వొచ్చని ఉంది. కానీ ఇవ్వొచ్చు వేరు, ఇవ్వాలి వేరు. ఆ డబ్బులో పెద్ద వాటా చదువుకు, వైద్యానికి పోతుంది. ఆ రెండిటి పక్కన నిలబడి చేయి చాచే పరిస్థితి నాటకానికి పెట్టకూడదు.

నాకున్న భయం వేరే. వసూలైన డబ్బు చేరాల్సిన చోటికి చేరకపోవడం. నిర్మాణ కార్మికుల సెస్సు ఖర్చు కాకుండా పేరుకుపోయిందని సుప్రీంకోర్టే రాష్ట్రాలను మందలించింది. గ్రంథాలయ సెస్సు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయని మున్సిపాలిటీల బకాయిల వార్తలు మీ పత్రికల్లోనే చదువుతున్నాం. అందుకే దీనికి వేరే ఖాతా ఉండాలి. ఏ మున్సిపల్ సర్కిల్‌లో వసూలైన డబ్బు ఆ సర్కిల్‌లోనే ఖర్చు కావాలి. నిర్ణయించే కమిటీలో సగం మందికి తగ్గకుండా పనిచేస్తున్న కళాకారులుండాలి. ప్రతి మూడు నెలలకూ లెక్క వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి.

ఫీజు బదులు భవనం ముందు ఒక స్టీలు శిల్పం పెట్టి వదిలించుకునే వీలు మాత్రం ఇవ్వకండి. కట్టడంలోనే చిన్న హాలు ఇస్తామంటే, అదీ రాతపూర్వకంగా, భవనం వాడుకోవడానికి ఇచ్చే సర్టిఫికెట్ (ఓసీ) ఇచ్చేముందు తనిఖీ చేసి, తర్వాత కూడా ఏటా చూసి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక కాంప్లెక్సు ప్లాన్‌లో కల్చరల్ హాల్ అని నా చేత్తోనే గీశాను. చిన్న స్టేజీ, పక్కన గ్రీన్ రూమ్ కూడా పెట్టాను. మొన్న ఆ దారిన వెళ్తూ లోపలికి తొంగి చూశాను. స్టేజీ మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి, గ్రీన్ రూమ్‌కు తాళం.

పన్ను వేయాలన్నా, సెస్సు వేయాలన్నా శాసనసభలో చట్టం కావాలి, దానికి టైమ్ పడుతుందని తెలుసు. అప్పటిదాకా ఇంపాక్ట్ ఫీజులోంచి చిన్న భాగాన్ని కళావేదికల మరమ్మతులకు కేటాయించే వీలుందేమో పురపాలక శాఖ పరిశీలించాలి. పక్క రాష్ట్రంలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. కట్టడాలు పూర్తయ్యాక కాకుండా, పునాదులప్పుడే అక్కడా ఈ నిబంధన పెట్టుకుంటే మేలు.

మా శేరిలింగంపల్లి శాసనసభ్యులు ఈ మాట వచ్చే సమావేశాల్లో ఎత్తాలని కోరుతున్నాను. దానికి ముందు ఒక సాయంత్రం సురభి కాలనీకి వెళ్లి రావాలని కూడా కోరుతున్నాను. పెద్దాయన ఆ పరదా ఎండలో పరిచే వేళకు వెళ్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్,
చందానగర్, హైదరాబాద్