నెలలు నిండే వేళ: ఏది మామూలు, ఏది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గర్భిణుల గురించి పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా రక్తహీనత మీదో, సిజేరియన్ కాన్పుల మీదో, వరద రోజుల్లో గోదావరి మధ్యనున్న లంక గ్రామాల నుంచి నెలలు నిండిన వారిని పడవల మీద తరలించడం మీదో ఉంటున్నాయి. అవి రావలసిన వార్తలే. అయితే గోదావరి పాయ అయిన వశిష్ఠకు ఈ ఒడ్డున రాజోలు వైపు, ఆ ఒడ్డున నరసాపురం వైపు ఏఎన్ఎంగా (ఊళ్ళలో గర్భిణులను చూసే ప్రభుత్వ నర్సుగా) పనిచేసి విశ్రాంతి తీసుకున్న నాకు, ఇళ్ళలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న వేరు. ఎనిమిదో నెల దాటిన అమ్మాయికి గుండెల్లో మంట, విరేచనం సాఫీగా కాకపోవడం, పొట్ట గట్టిపడటం మొదలైతే అది మామూలేనా, ఆసుపత్రికి పోవాలా అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబు ముందుగానే చెప్పే ఏర్పాటు ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గర్భం నిలిచింది మొదలు పెరిగే ప్రొజెస్టరాన్ అనే హార్మోను గర్భసంచి కండరాలను సడలించి ఉంచుతుంది. పేగులనూ, అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట మూతలా పనిచేసే కండరాన్నీ కూడా అది వదులు చేస్తుంది. అందుకే పులుపు పైకి తన్నుతుంది, పేగులు నెమ్మదించి మలం గట్టిపడుతుంది. 36వ వారానికి గర్భసంచి రొమ్ము ఎముక దాకా పెరిగి జీర్ణాశయాన్ని పైకి నెట్టేస్తుంది కాబట్టి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పులితేనుపులు రావడం, పడుకోగానే గొంతులోకి మంట ఎగదన్నడం చాలామందికి తప్పవు. ఆవకాయ, రొయ్యల వేపుడు, చేపల పులుసు మానేయమని సలహా ఇవ్వడం తేలికే గాని, సీమంతం చేయించుకుని పుట్టింటికి వచ్చిన కూతురికి అవి పెట్టకుండా ఊరుకునే తల్లిని మన వైపు నేనింతవరకూ చూడలేదు. పూర్తిగా మానక్కర్లేదు, మధ్యాహ్నం పూట కొద్దికొద్దిగా తిని, రాత్రి భోజనం పెందలాడే తేలికగా ముగించి, రెండు మూడు గంటలాగి, తలవైపు ఎత్తు పెట్టుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. కిళ్ళీకొట్లో దొరికే గ్యాస్ పొడుల్లో సోడియం ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోకుండా డాక్టరు రాసిన మందే వాడాలి.

మలబద్ధకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని నష్టం కడుపుబ్బరంతోనో, మొలలతోనో ఆగదు. ప్రభుత్వం గర్భిణులకు నాలుగో నెల నుంచి 180 రోజులపాటు రోజుకొకటి చొప్పున ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. దాని వల్ల మలబద్ధకం కొంత పెరగవచ్చు, విరేచనం నల్లగా కావచ్చు. ఆ నలుపు మామూలేనని ఎవరూ చెప్పకపోవడంతో భయపడి మాత్రలు మానేసిన వారిని చాలామందిని చూశాను. మేం అడిగితే వేసుకుంటున్నామనే అంటారు, మాత్రలు మాత్రం డబ్బాలో అలాగే ఉంటాయి. కాన్పు సమయంలో రక్తం పోయినప్పుడు తట్టుకునే శక్తి ఆ మాత్రలతోనే సమకూరుతుంది గనుక, ఇబ్బందిగా ఉంటే వేళ మార్చుకోవడమో, డాక్టరునడిగి మాత్ర మార్చుకోవడమో చేయాలి తప్ప మానకూడదు. కాల్షియం మాత్రతోనూ, టీతోనూ కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఎండాకాలంలో మంచినీళ్ళు, మజ్జిగ బాగా తాగడం, జామపళ్ళు, ఆకుకూరలు తినడం, సాయంత్రం కాసేపు నడవడం విరేచనానికి మేలు చేస్తాయి. కాన్పు సులువవుతుందని పెద్దవాళ్ళు ఆముదం పట్టిస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. దానివల్ల విరేచనాలై ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు, అకాలంలో నొప్పులు రావచ్చు.

ఇక దొంగ నొప్పులు. పొట్ట ఉన్నట్టుండి రాయిలా గట్టిపడి, అర నిమిషమో నిమిషమో ఉండి వదిలేస్తుంది. నీళ్ళు తాగినా, పక్క మార్చినా, కాసేపు నడిచినా తగ్గిపోతే కంగారు పడనక్కర్లేదు. అదే ఒక క్రమంలో వస్తూ, మధ్య వ్యవధి తగ్గుతూ, నడుము నుంచి ముందుకు పాకుతూ బలపడితే అవి కాన్పు నొప్పులు. 37 వారాలు నిండకముందే అలా వస్తే ఒక్క గంట కూడా ఇంట్లో ఆగకూడదు. బిడ్డ తల కిందికి దిగాక ఆయాసం, గుండెల్లో మంట తగ్గి, మూత్రానికి మాటిమాటికీ వెళ్ళవలసి రావడం సహజమే. కానీ నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గుతాయనే మాట నిజం కాదు, అవి తగ్గాయనిపిస్తే తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరొకటి ఉంది. కుడివైపు పక్కటెముకల కింద గాని, పొట్ట పైభాగాన గాని వచ్చే నొప్పి గ్యాస్ అనుకుని వాము నీళ్ళతో సరిపెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. దానికి తోడు తలనొప్పి, చూపు మసకబారడం, మొహం, చేతులు ఉన్నట్టుండి వాయడం ఉంటే అది రక్తపోటు పెరిగి గుర్రపువాతానికి (ఫిట్స్‌కు) దారితీసే స్థితి కావచ్చు. దద్దు లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే కాలేయానికి పరీక్ష చేయించాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా 108కి ఫోన్ చేయాలి. రాత్రివేళ రేవు దాటవలసిన లంకల వారికి ఈ తేడాలు తెలియడం మరింత అవసరం.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు పరీక్షలు చేస్తున్నారు. బరువు, రక్తపోటు చూడటం, మాత్రలివ్వడం జరుగుతాయి గాని, రద్దీలో ఈ మాటలు చెప్పే తీరిక సిబ్బందికి దొరకదు. పైగా మన ప్రాంతంలో తొలి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. కోడలు ఏడో నెల దాకా అత్తవారి ఊళ్ళో చూపించుకుని వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఆమెను కనిపెట్టుకుని ఉండేది తల్లి, ఆ తల్లికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. కనుక ప్రతి నెలా ఆ 9వ తేదీన పది నిమిషాలు కేటాయించి గర్భిణితోపాటు ఇంట్లోని పెద్దావిడను కూడా కూర్చోబెట్టి చెప్పాలనీ, పుట్టింటికి వచ్చిన గర్భిణుల వివరాలను అక్కడి ఆశా కార్యకర్తకు వారంలోగా అందేలా చూడాలనీ, వరదలకు ముందే, అంటే జూన్ 9 నుంచే లంక గ్రామాల్లో దీన్ని మొదలుపెట్టాలనీ కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
రాజోలు