తాళం క్లయింట్ దగ్గరే ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో క్రిప్టోకరెన్సీ వార్త అంటే ధర పెరిగిందనో, పడిపోయిందనో, ఫలానా ఊళ్లో ఎవరో మోసపోయారనో ఉంటుంది. వీటితో సంబంధం లేని పని ఒకటి మన మధ్యే నడుస్తోంది. విదేశాల్లోని ఆన్‌లైన్ దుకాణాలు బిట్‌కాయిన్, యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో టోకెన్) రూపంలో డబ్బు తీసుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కూర్చుని ఈ పనిని కాంట్రాక్టుకు చేసే డెవలపర్లు ఉన్నారు. నేర్చుకునేవాళ్లకు దొరికే పాఠాలు సాధారణంగా డబ్బు పంపాల్సిన క్రిప్టో అడ్రస్ చూపించడం, డబ్బు పడిందో లేదో చూడడం దగ్గరే ఆగిపోతాయి. నష్టాలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి కాబట్టి వాళ్ల కోసం ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. కొనుగోలుదారు సొమ్ము మీ చేతుల మీదుగా వెళ్లకుండా కట్టండి. 'డబ్బు మీ వాలెట్‌లో పడనివ్వండి, మీ కమీషన్ పట్టుకుని మిగతాది వారానికోసారి మాకు పంపండి' అని క్లయింట్ అడిగితే ఒప్పుకోకండి. 2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం వేరొకరి తరఫున వ్యాపారంగా క్రిప్టోను రూపాయల్లోకి మార్చినా, ఒక కాయిన్ నుంచి ఇంకో కాయిన్‌కు మార్చినా, బదిలీ చేసినా, భద్రపరిచినా మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వస్తారు. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. ప్రిన్సిపల్ ఆఫీసర్‌ను పెట్టుకోవాలి, ప్రతి ఖాతాదారు కేవైసీ తీసుకోవాలి, రికార్డులు ఐదేళ్లు దాచాలి, అనుమానం కలిగిన లావాదేవీని తెలియజేయాలి. ఇద్దరు ముగ్గురు నడుపుకునే ఆఫీసుకు ఇది మోయలేని బరువు. నమోదు లేకుండా ఇక్కడి వాళ్లతో వ్యాపారం చేసినందుకు 2023 డిసెంబరులో తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు ఆ యూనిట్ నోటీసులిచ్చింది. వాటిలో ఒకటైన బైనాన్స్‌కు 2024 జూన్‌లో రూ.18.82 కోట్ల జరిమానా పడింది. సాఫ్ట్‌వేర్ రాసి, క్లయింట్ సర్వర్‌లో ఎక్కించి, తాళాలు (డబ్బు కదిపే ప్రైవేట్ కీలు) అతని దగ్గరే ఉంచి, మీ ఫీజుకు విడిగా బిల్లు వేయడం వేరే సంగతి. ఈ రెండింటి మధ్య గీత మీ కాంట్రాక్టులో ఎక్కడ పడుతుందో సంతకానికి ముందే లాయరుకు చూపించండి.

అలా కట్టడం కష్టమేమీ కాదు. బీటీసీపే సర్వర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2017 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. క్లయింట్ తన వాలెట్‌ను ఇంటర్నెట్‌కు తగలని పరికరంలో తయారుచేసుకుంటాడు. 12 లేదా 24 మాటల సీడ్ (కీలన్నీ పుట్టే రహస్య పదాల వరస) అతని దగ్గరే ఉంటుంది. సర్వర్‌కు ఇచ్చేది ఎక్స్‌పబ్ అనే పబ్లిక్ కీ ఒక్కటే. దాన్నుంచి ప్రతి బిల్లుకూ ఒక కొత్త అడ్రస్ పుడుతుంది. గుడి హుండీ లాంటిది ఇది: వేయడం ఎవరైనా వేయొచ్చు, తీయడం తాళం ఉన్నవాళ్లకే. సర్వర్ హ్యాకైనా అప్పటిదాకా వచ్చిన డబ్బు కదలదు.

ఇందులో మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. సర్వర్‌లో జొరబడ్డవాడు ఎక్స్‌పబ్‌నే మార్చేస్తే ఇకమీదట వచ్చేదంతా వాడికే పోతుంది. కాబట్టి సర్వర్ చూపిస్తున్న కొత్త అడ్రస్‌ను రోజుకోసారైనా ఆఫ్‌లైన్ వాలెట్‌తో సరిచూసే ఏర్పాటు ఉండాలి. రెండోది తెలియక చేసేది. 'ఈ ఒక్క అడ్రస్ ప్రైవేట్ కీ ఇవ్వండి, పరీక్ష చేస్తాం' అని ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారు. మామూలు పద్ధతిలో పుట్టిన ఒక్క పిల్ల కీ (అలాంటి ఒక్క అడ్రస్ ప్రైవేట్ కీ), దాని పైనున్న ఎక్స్‌పబ్ రెండూ ఒకరి చేతిలో పడితే ఆ వరసలోని కీలన్నీ లెక్కకట్టి తీయొచ్చు. ఒక్క కీ కూడా బయటికి ఇవ్వకూడదు. మూడోది గ్యాప్ లిమిట్. చాలా వాలెట్లు వరసగా 20 ఖాళీ అడ్రస్‌లు కనిపిస్తే వెతకడం ఆపేస్తాయి. దుకాణంలో జనం బిల్లు తెరిచి కట్టకుండా వెళ్లిపోవడం రోజూ ఉండేదే. అలా 20 బిల్లులు ఖాళీగా పోయాక 21వది కట్టినా వాలెట్‌లో కనిపించదు. క్లయింట్ డబ్బు పోయిందని ఫోన్ చేస్తాడు. పోలేదు. గ్యాప్ లిమిట్‌ను 200 చేసి మళ్లీ స్కాన్ చేస్తే బయటపడుతుంది. అప్పగించే రోజే ఈ మాట కాగితం మీద రాసివ్వండి.

ఇక బిల్లు సంగతి. డాలర్ ధరను క్రిప్టోలోకి మార్చి 15 నిమిషాలు రేటు నిలపడం వాడుక. మొత్తాన్ని ఎప్పుడూ పూర్ణాంకంగానే దాచండి. బిట్‌కాయిన్‌కు పది కోట్ల సతోషీలు. దశాంశాలను ఫ్లోట్‌లో (ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో) పెడితే ఎక్కడో ఒక సతోషీ తేడా వచ్చి, పూర్తిగా కట్టిన బిల్లు కూడా బాకీగానే కనిపిస్తుంది. టోకెన్ల దగ్గర ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఇథీరియం, ట్రాన్ అనే చైన్ల (బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌ల) మీద యూఎస్‌డీటీకి ఆరు దశాంశ స్థానాలు. బీఎన్‌బీ చైన్ మీద అదే పేరుతో తిరిగే దానికి పద్దెనిమిది. 25 డాలర్లంటే ఇథీరియంలో 25 పక్కన ఆరు సున్నాలు, బీఎన్‌బీ చైన్‌లో 25 పక్కన పద్దెనిమిది సున్నాలు. ఆరు అని రాసిన కోడ్‌ను అలాగే తీసుకెళ్లి అక్కడ నడిపితే 25 డాలర్లు కట్టిన మనిషి ఖాతాలో 25 లక్షల కోట్ల డాలర్లు జమవుతాయి. దశాంశాల సంఖ్యను ప్రతి చైన్‌కూ విడిగా కాన్ఫిగరేషన్‌లో రాసుకుని, టోకెన్‌ను నడిపే స్మార్ట్ కాంట్రాక్టును (చైన్ మీదున్న ప్రోగ్రామ్‌ను) అడిగి సరిచూసుకోవాలి. టోకెన్ పేరును నమ్మకూడదు. యూఎస్‌డీటీ అనే పేరుతో ఎవరైనా నిమిషాల్లో దొంగ టోకెన్ తయారుచేసి పంపగలరు. సరిపోల్చాల్సింది కాంట్రాక్ట్ అడ్రస్‌ను.

కట్టాల్సినంత సరిగ్గా కట్టేవాళ్లతో ఏ పేచీ ఉండదు. ఎక్స్ఛేంజీ నుంచి పంపేవాళ్లకు విత్‌డ్రాయల్ ఫీజు అందులోంచే కోతపడి తక్కువ చేరుతుంది. కొందరు 15 నిమిషాలు దాటాక పంపుతారు. కొందరు ఒకే బిల్లుకు రెండుసార్లు పంపుతారు. వచ్చింది, రాలేదు అనే రెండు స్థితులతో డేటాబేస్ కడితే వీళ్లందరి సొమ్మూ లెక్కలో లేకుండా పడి ఉంటుంది. కొంత వచ్చింది, కనిపించింది కానీ ఖాయం కాలేదు, ఖాయమైంది, గడువు దాటాక వచ్చింది, ఎక్కువ వచ్చింది: ఇన్ని స్థితులూ కావాలి. గడువు ముగిసిన అడ్రస్‌ను గమనించడం ఎన్నటికీ ఆపకూడదు.

ఖాయం కావడం అంటే ఏమిటో క్లయింట్‌తో ముందే తేల్చుకోండి. బిట్‌కాయిన్ బ్లాక్ (లావాదేవీల కట్ట) సగటున పది నిమిషాలకొకటి వస్తుంది. బ్లాక్‌లో చేరని లావాదేవీని, ఎక్కువ ఫీజు పెట్టి అదే డబ్బును తన అడ్రస్‌కే మళ్లించే ఇంకో లావాదేవీతో మార్చేసుకోవచ్చు. అందుకే కన్ఫర్మేషన్ (బ్లాక్‌లో చేరడం, దానిపై మరిన్ని బ్లాకులు పడడం) లేకుండా సరుకు వదలకూడదు. చిన్న మొత్తానికి ఒకటి చాలు, పెద్ద మొత్తానికి ఆరు దాకా ఆగడం పాత వాడుక. ఇథీరియంలో 12 సెకన్లకో స్లాట్ (బ్లాక్ వచ్చే వంతు) ఉన్నా, బ్లాక్ తిరగబడదని నెట్‌వర్క్ తేల్చడానికి మామూలుగా పదమూడు నుంచి పంతొమ్మిది నిమిషాలు పడుతుంది. నోడ్‌ను (నెట్‌వర్క్‌కు కలిసిన కంప్యూటర్‌ను) 'ఫైనలైజ్డ్' బ్లాక్ అడిగితే ఆ జవాబే ఇస్తుంది.

రీఫండ్ విషయంలో డెవలపర్లు తరచుగా చేసే పొరపాటు, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడికే తిప్పి పంపే కోడ్ రాయడం. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చిన సొమ్ము వెనక కనిపించే అడ్రస్ ఆ ఎక్స్ఛేంజీ ఉమ్మడి వాలెట్‌ది. అక్కడికి పంపితే ఆ కొనుగోలుదారు ఖాతాలో జమ కాదు. రీఫండ్ అడ్రస్‌ను మనిషినే అడిగి, ఈమెయిల్ లింకు ద్వారా ఖరారు చేయించుకోవాలి. పాత లావాదేవీల జాబితా నుంచి అడ్రస్ కాపీ చేయడం కూడా ప్రమాదమే. మొదటి, చివరి అక్షరాలు కలిసే దొంగ అడ్రస్ నుంచి చిన్న మొత్తం పంపి ఆ జాబితాలో చేరిపోయే ముఠాలున్నాయి. 2024 మేలో ఒక వ్యక్తి ఇలాగే 1,155 బిట్‌కాయిన్ల విలువైన టోకెన్లను తప్పు అడ్రస్‌కు పంపేశాడు. అప్పటి విలువ దాదాపు 6.8 కోట్ల డాలర్లు. బేరసారాల తర్వాత దాదాపు అంతా వెనక్కి వచ్చింది గానీ అలా రావడం చాలా అరుదు.

ఫీజు లెక్క క్లయింట్‌కు కొటేషన్‌లోనే చెప్పండి. బిట్‌కాయిన్‌లో వచ్చిన ప్రతి చిన్న చెల్లింపును తర్వాత ఖర్చు చేయాలంటే, ఇప్పటి మామూలు అడ్రస్‌లలో దాదాపు 68 వర్చువల్ బైట్లకు (లావాదేవీ సైజు కొలత) ఫీజు పడుతుంది. రేటు బైటుకు 50 సతోషీలుంటే 3,400 సతోషీలు అక్కడే పోతాయి. 2024 ఏప్రిల్ 20న, హావింగ్ (కొత్త బిట్‌కాయిన్ల జారీ సగానికి తగ్గే ఘట్టం) జరిగిన రోజున, సగటు ఫీజే వంద డాలర్లు దాటింది. పది డాలర్ల సరుకు అమ్మే దుకాణానికి నేరుగా బిట్‌కాయిన్ పనికిరాదు, లైట్నింగ్ (బిట్‌కాయిన్ పైన చిన్న చెల్లింపుల కోసం కట్టిన నెట్‌వర్క్) పెట్టుకోవాలి. లైట్నింగ్‌లో డబ్బు లోపలికి రావడానికి ఛానల్ (ఇద్దరి మధ్య చెల్లింపుల దారి) అవతలి వైపున ముందే నిల్వ ఉండాలి, నోడ్ ఎప్పుడూ నడుస్తుండాలి. నోడ్ పాడైనప్పుడు పాత డేటాబేస్ కాపీని తీసి పెట్టకూడదు: పాత స్థితితో ఛానల్ మూస్తే అందులోని సొమ్మంతా జరిమానాగా అవతలివాళ్లకు పోతుంది. ఇథీరియంలోనైతే యూఎస్‌డీటీ పడిన ప్రతి అడ్రస్‌లోనూ దాన్ని కదపడానికి ఫీజు కోసం విడిగా కాస్త ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) ఉండాలి. ఈ సంగతి కోడ్ రాశాక తెలిస్తే డిజైనే మార్చాల్సి వస్తుంది.

దుకాణం సైట్‌కు కబురు చేరవేసే వెబ్‌హుక్ మీద సంతకాన్ని సరిచూడకుండా సరుకు విడుదల చేయకండి. బ్రౌజర్ 'థాంక్యూ' పేజీకి రావడం చెల్లింపుకు రుజువు కాదు, ఆ లింకు ఎవరైనా టైప్ చేయొచ్చు. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావడం మామూలే, కాబట్టి బిల్లు నంబరు మీద ఒక్కసారే సరుకు కదిలేలా డేటాబేస్‌లో కట్టడి పెట్టాలి. బయటి ప్యాకేజీల వెర్షన్లు లాక్‌ఫైల్‌లో (ఏ వెర్షన్ వాడాలో రాసిపెట్టే ఫైల్) బిగించి పెట్టాలి. 2025 సెప్టెంబరు 8న చాక్, డీబగ్ వంటి అతి మామూలు ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ కోడ్ నిలయం) ప్యాకేజీల్లోకే బ్రౌజర్‌లో వాలెట్ అడ్రస్‌లు మార్చేసే కోడ్ చొరబడింది. వాటిని చూసుకునే వ్యక్తి దొంగ ఈమెయిల్ నమ్మడమే కారణం. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీలో దాదాపు 23 కోట్ల డాలర్లు, 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. రెండు చోట్లా దెబ్బతిన్నవి బహుళ సంతకాల (ఒకరి కంటే ఎక్కువమంది ఒప్పుకుంటేనే డబ్బు కదిలే) వాలెట్లే. తెర మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకొక దాని మీద. పరికరం తెర మీద చదవలేని దేని మీదా సంతకం పెట్టకూడదని క్లయింట్‌కు నేర్పడం కూడా ఈ పనిలో భాగమే.

మన రాష్ట్రాల్లోని దుకాణదారు ఎవరైనా క్రిప్టో తీసుకునే ఏర్పాటు అడిగితే నిజం చెప్పి వెనక్కి పంపడమే మేలని మా అభిప్రాయం. క్రిప్టో వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపిన 2018 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది, నిషేధమేమీ లేదు. అయినా క్రిప్టోతో సరుకు కొనడమంటే చట్టం దృష్టిలో క్రిప్టోను అమ్మడమే. లాభంపై కొనుగోలుదారుకు 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో చోట తీసేసుకునే వీలుండదు. ఏడాదిలో ఒకరి నుంచి వచ్చింది రూ.10,000 దాటితే (చిన్న వ్యాపారులకు రూ.50,000) ఒక శాతం టీడీఎస్ కట్టారని చూసుకున్నాకే సరుకివ్వాల్సిన బాధ్యత దుకాణదారుది. అంటే పాన్ నంబరు అడగాలి. పక్కనే యూపీఐ క్యూఆర్ కోడ్ ఉండగా ఏ కిరాణా కొట్టుకూ ఇది గిట్టదు.

డెవలపర్ తన జీతం ఎలా తీసుకోవాలన్నది ఇంతకంటే ముఖ్యం. విదేశీ క్లయింటుకు చేసిన పని జీఎస్టీలో ఎగుమతిగా లెక్కకు రావాలంటే డబ్బు విదేశీ మారక ద్రవ్యంలో గానీ, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్న చోట రూపాయల్లో గానీ రావాలి. యూఎస్‌డీటీ ఈ రెంటిలో దేనికీ చెందదు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు 18 శాతం జేబులోంచి కట్టుకోవలసి రావొచ్చు. బ్యాంకు ద్వారా రప్పించుకుని ఎఫ్ఐఆర్‌సీ (విదేశీ డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే పత్రం) తీసుకోండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇప్పటికే యూఎస్‌డీటీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని పీటూపీలో (మనిషి నుంచి మనిషికి నేరుగా అమ్మే పద్ధతిలో) ముక్కూ మొహం తెలియని మనిషికి అమ్మకండి. కొన్నవాడు పంపింది సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్మైతే, బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు వెళ్లిన ఖాతాలన్నింటి మీదా వరసగా హోల్డ్ పడుతుంది. మీ ఖాతా ఆ వరసలో మూడోదైనా, నాలుగోదైనా సరే. అమ్మక తప్పకపోతే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైన ఎక్స్ఛేంజీలోనే అమ్మండి. కొన్నవాడి పేరు, డబ్బు పంపిన బ్యాంకు ఖాతా పేరు ఒకటి కాకపోతే క్రిప్టో విడుదల చేయకండి. ఖాతా ఆగిపోతే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, అది నమోదైన పోలీసు స్టేషన్ పేరు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కేసు దర్యాప్తు అధికారికి ఆర్డర్ వివరాలు, చాట్, లావాదేవీ హ్యాష్ (గుర్తింపు సంఖ్య), క్లయింట్‌తో కాంట్రాక్టు, ఇన్‌వాయిస్ జతచేసి పంపండి. వివాదంలో ఉన్న మొత్తం మీద మాత్రమే హోల్డ్ ఉంచి మిగతా ఖాతాను తెరవాలని అదే దరఖాస్తులో అడగండి.

ఇట్లు,
పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కొందరు,
హైదరాబాద్